పోలమ్మ పది కోళ్ళు

మలయాలో బాగన్ దాతుక్ ఒడ్డున కొబ్బరితోటలో పనికొచ్చిన మనవాళ్ళలో పోలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమెది చీపురుపల్లి దగ్గర పల్లె. పెళ్ళయిన ఏడాదే మొగుడు తాతబాబు వెంట మద్రాసులో ఓడెక్కి, సముద్రం దాటి ఈ తోటలో దిగింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా కొబ్బరి చిప్పల్లోంచి కండ ఊడదీసే పని. ఇంటికొచ్చి ఇద్దరాడపిల్లలకింత వండిపెట్టాక, ఇక చీకటి పడేదాకా ఆమె లోకమంతా కోళ్ళు.

కోళ్ళు అందరూ పెంచేవారు. పోలమ్మకున్నది మాత్రం చేతివాసి. ఎవరింట్లో పెట్ట పొదుగుకొచ్చినా గుడ్లు కొంగులో కట్టుకుని ఆమె గుమ్మంలోకి రావలసిందే. ఆమె ఒక్కొక్క గుడ్డూ ఎండకెత్తి చూసి, రెండు పక్కన పెట్టి, మిగిలినవి తనే గంపలో బూడిద పరిచి అమర్చేది. "పోలమ్మ సేత్తో ఎట్టిన గుడ్డు మురగదు" అని లైన్లన్నిటా, అంటే కూలీల ఇళ్ళ వరసలన్నిటా మాట. దానికామె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. వాళ్ళు రావాలి, గుమ్మంలో నిలబడాలి, "అప్పా, ఓ సారి నీ సెయ్యి ఎట్టు" అనాలి. అంతే చాలు. ఆ ఒక్క మాటతో రెండు రోజులు కడుపు నిండిపోయేది.

ఆ గుమ్మంలోకే నరసమ్మ వచ్చింది.

తాతబాబు తమ్ముడు కన్నబాబు అన్నతోనే ఉండేవాడు. పంతొమ్మిదివందల ఇరవై ఏడులో దేశం వెళ్ళి పెళ్ళి చేసుకుని, కొత్త పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇల్లొకటే. మధ్యన పలకల గోడ, అటొక గది ఇటొక గది, ముందు ఒకే అరుగు, వెనక ఒకే దొడ్డి. ఆ దొడ్డి కూడా ఎంతని? వెనక గోడ నుంచి మురుగుకాలవ దాకా, నాలుగు నులకమంచాలు వేస్తే నిండిపోయేంత.

వచ్చిన కొత్తలో తోటికోడలు పోలమ్మకి నచ్చింది. మెత్తని పిల్ల, చెప్పిన మాట వినేది, అక్కని పిలిచినట్టు అప్పా అప్పా అని వెనకే తిరిగేది. ఒకరోజు కాలవవతలి మలాయి పల్లెకి పోయి, పుట్టింటివాళ్ళిచ్చిన రవికలగుడ్డ ఒకటి ఇచ్చి ఒక చుక్కలపెట్టని తెచ్చుకుంది. పోలమ్మ నవ్వింది. "ఒక్క కోడితో ఏటి సేత్తావే?" అంది. తనకప్పటికే తొమ్మిదున్నాయి.

ఏడాది తిరిగేసరికి ఆ ఒక్కటీ ఎనిమిదయింది.

ఆ పిల్ల చేసేది పెద్ద విద్యేమీ కాదు. కొబ్బరి పీచు డొక్కలు తెచ్చి తడినేల మీద బోర్లించేది. మూడు నాళ్ళకి వాటి నిండా చెదలు పట్టేవి. పొద్దున్నే ఆ డొక్క తెచ్చి కోడిపిల్లల ముందు దులిపేది. పిల్లలు ఎగబడి తిని ఇట్టే ఎదిగేవి. ఇన్నేళ్ళూ కొబ్బరితోటలోనే బతికిన పోలమ్మకి ఈ సంగతి తట్టలేదు. తట్టనందుకు నొప్పి లేదు గాని, తట్టనిది వేరొకరికి తట్టినందుకు గుండెలో ముల్లు దిగింది.

ఒక సాయంత్రం పోలమ్మ గుమ్మంలో కూర్చుని చిన్నపిల్ల తల దువ్వుతోంది. కిందిలైను దాలమ్మ కొంగులో గుడ్లు పట్టుకుని వచ్చింది. పోలమ్మ దువ్వెన పక్కన పెట్టి చెయ్యి చాచబోయింది. దాలమ్మ ఆమెని చూసి నవ్వి, "బాగున్నావా అప్పా" అని పలకరించి, ఆమెని దాటుకుని పక్క గుమ్మంలోకి వెళ్ళింది. పలకల గోడవతల నుంచి మాటలు వినిపించాయి. "నరసమ్మా, ఓ సారి నీ సెయ్యి ఎట్టమ్మా."

పోలమ్మ దువ్వెన మళ్ళీ తీసుకుంది. పిల్ల "అమ్మా, నొప్పి" అని అరిచేదాకా దువ్వుతూనే ఉంది.

ఆనాటి నుంచి ఆమె కళ్ళు తన కోళ్ళ మీద కంటే పక్కవాళ్ళ కోళ్ళ మీదే ఉండేవి. నరసమ్మ పెట్ట గుడ్డు పెట్టి అరిస్తే తన చెవుల్లో సీసం పోసినట్టుండేది. తన పెట్టలు అరవకపోతే వాటినే తిట్టేది. నూకలు చల్లేటప్పుడు పక్కవాటిని చీపురుతో తోలేసేది. దొడ్డి ఒకటే కదా, తోలినా అవి ఎక్కడికి పోతాయి? ఒకచుట్టు తిరిగి అక్కడికే వచ్చేవి.

అలా ఉండగా తోటలో కొత్త ఉత్తరువు వచ్చింది. కోళ్ళు కొబ్బరి నారుమడుల్లో పడి కెలికేస్తున్నాయని, మురుగుకాలవల పక్కన రెట్టలు పేరుకుపోతున్నాయని దొరకి కోపమొచ్చింది. పొద్దున హాజరు పట్టేచోట కూలీల మీద మేస్త్రీ, కంగాణి సన్యాసి గొంతెత్తి చెప్పాడు.

"ఇంటికి పది. పది కోళ్ళు దాటితే మిగిల్నవి కావిలోడు పట్టుకెల్లిపోతాడు. నన్నడక్కండి. జీతాల్రోజున నానే వచ్చి లెక్కెడతాను."

"పిల్లలో?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"తల్లి కింద తిరిగినన్నాల్లూ పిల్లల్ని లెక్కెట్టను. తల్లినొదిలితే అదీ కోడే."

ఇంటికి పది. పోలమ్మవి తొమ్మిది, నరసమ్మవి ఎనిమిది, ఇల్లు చూస్తే ఒకటే. ఆ రాత్రి అన్నాల దగ్గర తాతబాబు, "సగం సగం ఉంచుకోండి, చెరి అయిదు. అందులో ఆలోచనేటుంది?" అన్నాడు.

"నిన్న గాక మొన్న వచ్చినదానికీ నాకూ సగమేటి?" అంది పోలమ్మ. గోడవతలికి వినిపించాలనే అంది.

మర్నాడు దొడ్లో నరసమ్మ ఎదురుపడింది. అప్పటికి ఆమెకి ఆరో నెల. నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా నడుస్తోంది. "అప్పా, నీకెన్ని కావాలో అన్ని ఉంచుకో. నాకు సుక్కలపెట్టా, ఇంకో రెండూ ఉంటే సాలు."

పోలమ్మ దెబ్బలాటకి సిద్ధమై వచ్చింది. ఏడు కావాలని అడిగి, కావాలంటే అరిచి, ఏడ్చి గెలవాలని రాత్రంతా మాటలు కూడబెట్టుకుంది. అడగకుండానే ఏడూ ఒడిలో పడ్డాయి. కూడబెట్టుకున్న మాటలతో ఇక పనిలేకపోయింది. అడక్కుండా ఇచ్చినవాళ్ళ మీద వచ్చే కోపం లాంటి కోపం ఇంకోటుండదు.

పోలమ్మ తన వాటిలో రెండింటిని కోసి కూర వండింది. నరసమ్మ తన అయిదింటినీ లైనులో కోళ్ళు లేని ఇళ్ళకి తలా ఒకటి ఇచ్చింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళకి వారం రోజులు అదే కబురు. "సిన్నకోడలు గుణం సూసినావా? బంగారం." పోలమ్మ బిందె నింపుకుని, తల దించుకుని వచ్చేసేది. ఏడు కోళ్ళున్నాయి తనకి, దాని దగ్గరున్నవి మూడు. అయినా ప్రతి పొద్దుటా దొడ్లోకి వెళ్ళి చూస్తే దాని మూడే ఎక్కువగా కనిపించేవి.

ఆ వారంలోనే చుక్కలపెట్ట పొదుగుకొచ్చింది. నరసమ్మ పొద్దున్నే పదకొండు గుడ్లు అమర్చి గంప కమ్మింది. సాయంత్రం పోలమ్మ తన నల్లపెట్ట కింద తనూ పదకొండు పెట్టింది. నల్లపెట్టకి నిజానికి ఇంకా పొదుగు వేడి బాగా పట్టలేదు. నాలుగుసార్లు లేచిపోయింది. నాలుగుసార్లూ పోలమ్మ పట్టుకొచ్చి కూర్చోబెట్టి, చివరికి మీద గోనెసంచి కప్పింది.

పది రోజులయ్యాక పోలమ్మకి చలిజ్వరం వచ్చి పనిలోకి వెళ్ళలేదు. పిల్లలిద్దరూ ఆటల్లోకి పోయారు. లైనంతా ఖాళీ. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. దొడ్లోకి వచ్చి నల్లపెట్టకి నీళ్ళు పెట్టి, పక్క గంప దగ్గర ఆగింది. చుక్కలపెట్ట కదలకుండా, మెడ లోపలికి లాక్కుని, కళ్ళు సగం మూసుకుని కూర్చునుంది. ఎవరూ పట్టుకొచ్చి కూర్చోబెట్టలేదు దాన్ని. ఎవరూ గోనె కప్పలేదు.

ఆ నిబ్బరం చూసేసరికి పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

పెట్ట రెక్కల కింద చెయ్యి పెట్టి లేపింది. ఒక గుడ్డు తీసి, చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపింది. మళ్ళీ దాని చోట దాన్ని పెట్టింది. ఇంకోటి తీసింది. చేతివాసి ఉన్న చెయ్యి కదా, ఎంత ఊపితే లోపలి ప్రాణం తెగుతుందో ఆ చేతికి తెలుసు. పదకొండూ అయ్యాక పెట్టని దించింది. అది గుడ్లని ముక్కుతో సర్దుకుని, రెక్కలు విప్పుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ కూర్చుంది. పోలమ్మ లోపలికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది. సాయంత్రం మొగుడు వచ్చి నుదురు పట్టుకుని చూస్తే జ్వరం మళ్ళీ ఎక్కింది.

పిల్లలయ్యే రోజు దగ్గర పడింది. నరసమ్మ గోరువెచ్చని నీళ్ళు బేసినులో పోసి గుడ్లని అందులో వదిలింది. బతికున్న గుడ్డయితే నీళ్ళలో చిన్నగా కదులుతుంది, లోపల పిల్ల తన్నుకుంటుంది కనక. దొడ్లో బేసిను ముందు కూర్చుని ఆమె చాలాసేపు చూసింది. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. గుడ్లూ నిలకడగానే ఉన్నాయి.

"అప్పా, ఓ సారి రా."

పోలమ్మ వచ్చింది. నరసమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె చూపు గుడ్ల మీద లేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది.

"ఒక్కటీ కదల్లేదప్పా. గుడ్లెట్టిన్నాడు మనసులో అనుకున్నాను. ఈటికి పిల్లలైతే నా కడుపు కాయ సల్లగా పడుద్దని. ఒక్కటీ..." ఆమె బేసిను పక్కకి జరిపింది. "నిన్నట్నుంచి కడుపులో కూడా కదలిక తక్కువైపోనాది. ఏటప్పా ఇది? నా సెయ్యే అలాటిదా?"

పోలమ్మ ముగ్గుర్ని కన్నది, ఒకణ్ణి పోగొట్టుకుంది. ఈ దేశం వచ్చిన మొదటేడు, కాలవ పక్కన పాతిపెట్టి వచ్చారు వాణ్ణి. కోళ్ళ మీద ఎంత కుళ్ళుకున్నా ఇంతదూరం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నీళ్ళ మాట నమ్మకు," అంది పోలమ్మ. "ఒక్కోపాలి గుడ్లు మందంగా ఉంటాయి. మళ్ళీ గంపలో ఎట్టీ. రోజు నిండనీ."

నరసమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోడవతల కన్నబాబు బతిమాలడం వినిపించింది. తెల్లారాక అందరూ పనికి బయల్దేరుతుంటే పోలమ్మ కత్తి మరిచిపోయానని మధ్యదారిలోంచి వెనక్కి వచ్చింది. నల్లపెట్ట కింది గుడ్లు ఒడిలో వేసుకుంది. వెచ్చగా ఉన్నాయి. ఒకదాని లోపలి నుంచి సన్నగా గోకిన చప్పుడు కూడా వినిపించింది. ఆ పదకొండూ చుక్కలపెట్ట కిందికి మార్చి, దాని కింది చచ్చిన గుడ్లు తెచ్చి నల్లపెట్ట కింద పెట్టింది. పెడుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. అవి నరసమ్మ కోసం వచ్చాయో, కష్టపడి కూర్చోబెట్టుకున్న తన గుడ్ల కోసం వచ్చాయో ఆమెకే తెలియలేదు.

రెండో రోజు చుక్కలపెట్ట కింద తొమ్మిది పిల్లలయ్యాయి.

నరసమ్మ ఏడుస్తూ నవ్వింది. పిల్లల్ని చెంపకానించుకుంది. ఆ పూట కడుపునిండా తింది. కొబ్బరి కోరు పంచుతూ లైనంతా తిరిగింది. పోలమ్మ దూరం నుంచి చూసి, ఇంతకీ మంచే జరిగిందని మనసుకి చెప్పుకుంది. మనసు కొంచెం వింది కూడా.

కాని కొళాయి దగ్గర ఆడవాళ్ళకి ఇంకో కబురు పుట్టింది. పోలమ్మ మురిగిన గుడ్లు గంపెడు కాలవలో పారబోయడం దాలమ్మ చూసింది.

"పదకొండుకి పదకొండూ మురిగిపోనాయంట!"

"ఆ సెయ్యి అయిపోనాదే. ఇక సిన్నకోడలిదే సెయ్యి. అక్కడ్నుంచి ఇక్కడికి దిగిపోనాది వాసి."

పోలమ్మ వెనకే నిలబడి ఉంది, బిందె చంకలో పెట్టుకుని. నరసమ్మా అక్కడే ఉంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని. ఆ మాటకి ఆమె సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వొక్కటీ లేకపోతే పోలమ్మ ఊరుకునేదేమో.

"అవి నా గుడ్లు!" అంది. బిందె చేజారి సిమెంటు మీద పడింది. "ఆ తొమ్మిది పిల్లలూ నాయి! నానే మార్సినాను! దాని గుడ్లే మురిగినాయి, నాయి కాదు!"

దాలమ్మ ఫక్కున నవ్వింది. ఆమెతో మిగిలినవాళ్ళూ నవ్వారు. "ఓలమ్మోలమ్మ! ఎంత కుళ్ళే నీకు పోలమ్మా! కోడిపిల్లల్ని కూడా నాయంటావేటి?"

ఒక్కరు కూడా నమ్మలేదు. అసూయతో తను చేసినవేవీ ఎవరి కంటా పడలేదు. ఒక్క నిజం చెబితే అది మాత్రం అసూయగా కనిపించింది.

నరసమ్మ ఒక్కతే నవ్వలేదు. నీళ్ళ బేసినులో కదలని పదకొండు గుడ్లనీ చూసినది ఆమె ఒక్కతే కదా. సాయంత్రం ఇంటికొచ్చాక దొడ్లో పోలమ్మకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు సెప్పింది నిజిం. నాకు తెల్సు. నీ గుడ్లే అయి. మరి నా గుడ్లేటైనాయప్పా? పదకొండుకి పదకొండూ ఎలా సచ్చిపోనాయి?"

పోలమ్మ ఎన్నో చెప్పొచ్చు. ఉరుములకి చచ్చాయనొచ్చు, పెట్టకి వేడి చాల్లేదనొచ్చు. కాని తలెత్తలేకపోయింది. ఆ తల దించుకోవడంలోనే నరసమ్మకి జవాబు దొరికింది. ఆమె నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది.

జీతాల రోజుకి ముందే కన్నబాబు కంగాణితో చెప్పుకుని కిందిలైనులో ఖాళీ గది సంపాదించాడు. ఎందుకని అన్న అడిగితే "అది ఆ గదే కావాలంటంది" అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. అతనికీ తెలియదు. నరసమ్మ ఎవరికీ చెప్పలేదు. చాపా, తట్టా, దీపం బుడ్డీ మోసుకుపోయారు. కోళ్ళ గంప దగ్గర మాత్రం ఆమె ఆగలేదు.

"నీ కోల్లు?" అంది పోలమ్మ.

"ఉంచుకో. నీకు పది నిండుతాయి."

సన్యాసి వచ్చి లెక్కపెట్టాడు. ఏడూ మూడూ పది, తల్లి వెంట తొమ్మిది పిల్లలు. "బాగుంది," అని వెళ్ళిపోయాడు. దొడ్డంతా పోలమ్మదే ఇప్పుడు. పక్క గుమ్మంలోకి గుడ్లు పట్టుకుని వెళ్ళేవాళ్ళు లేరు, తన గుమ్మంలోకి వచ్చేవాళ్ళూ లేరు. అందరూ కిందిలైనుకే నడిచారు. అరుగు మీద కూర్చుంటే వాళ్ళు వెళ్ళడం కనిపిస్తూనే ఉండేది.

ఆ చిన్న దొడ్డికి పది కోళ్ళు ఎక్కువని ఆమెకి త్వరలోనే తెలిసింది. ఇదివరకు తొమ్మిదీ ఎనిమిదీ ఎలా సర్దుకున్నాయంటే, నరసమ్మ తన వాటిని పొద్దున్నే తోలుకెళ్ళి డొక్కల దగ్గర మేపుకొచ్చేది కనక. ఇప్పుడు పదీ ఒకేచోట పడి, ఒకదాని ఈకలొకటి పీక్కున్నాయి. గుడ్లు తగ్గాయి. నూకలన్నీ వాటికే పోతున్నాయని తాతబాబు గొణిగాడు. ఒక వానరోజు ఉడుము కాలవలోంచి వచ్చి రెండు పిల్లల్ని ఎత్తుకుపోతే, తరమడానికి పోలమ్మకి చేతులాడలేదు. అలాగే చూస్తూ నిలబడింది.

నరసమ్మకి ఆడపిల్ల పుట్టిందన్న కబురు వచ్చింది. తల్లీ పిల్లా బాగున్నారన్నారు. పోలమ్మ అరుగు మీద చతికిలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. పురుడు వెళ్ళాక తన పెట్టల్లో మంచివి రెండింటిని కోసి, మిరియాలు దంచి పోసి చారు కాచింది. గిన్నె మీద ఆకు మూసి కిందిలైనుకి నడిచింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది.

నరసమ్మ గుమ్మంలోనే పిల్లనెత్తుకుని కూర్చునుంది. గిన్నె చూసింది, ఆమెని చూసింది.

"ఊపినాను," అంది పోలమ్మ నిలబడే. "నీ గుడ్లు. సెవి దగ్గరెట్టి ఊపినాను."

"తెల్సు," అంది నరసమ్మ. "ఎందుకూపినావో అదే తెల్దు. నీకు ఏడిచ్చినాను గదప్పా."

"సాల్లేదు."

నరసమ్మ పక్కకి జరిగి ఆమెకి కూర్చోడానికి చోటిచ్చింది. పిల్లని మాత్రం ఆ రోజు చేతికివ్వలేదు. ఇవ్వడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఇంటికొచ్చాక పోలమ్మ కోళ్ళన్నిటినీ ఒకసారి చూసుకుంది. చుక్కలపెట్టనీ, దాని కింద ఎదిగిన పిల్లల్నీ, ఇంకో రెండింటినీ గంపలో పెట్టి కిందిలైనుకి పంపేసింది. తనకి అయిదుంచుకుంది. ఆ దొడ్డికి అయిదు చాలు. పదికి హక్కుందని ఎవరైనా అంటే "ఉంటే ఉండనీ" అనేది.

రెండేళ్ళకి మాంద్యం వచ్చింది. కొబ్బరి అడిగేవాడు లేడు. పని లేదని తోటలవాళ్ళు మనుషుల్ని ఓడలెక్కించి దేశానికి పంపేశారు. అందులో కన్నబాబు పేరుంది, తాతబాబు పేరు లేదు. వెళ్ళే రోజున నరసమ్మ పిల్లని పోలమ్మ చేతుల్లో పెట్టి, మూటలన్నీ లారీలోకి ఎక్కేదాకా తీసుకోలేదు. తోటికోడళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. "ఎల్లొత్తానప్పా" అంది ఒకరు. "ఎల్లిరా" అంది ఇంకొకరు. రాదని ఇద్దరికీ తెలుసు.

మళ్ళీ తోటలు తెరుచుకున్నాక చీపురుపల్లి వైపు నుంచి కొత్తవాళ్ళొచ్చారు. వాళ్ళలో బంగారయ్య అనే అతను కన్నబాబు ఊరివాడే. పోలమ్మ అతన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అందరి మంచిచెడ్డలూ అడిగింది. కన్నబాబుకి కాలు నొప్పి. పిల్ల ఎదిగింది, గడుసుది. నరసమ్మ బాగుంది.

"ఆవిడకేటి లోటు," అన్నాడు బంగారయ్య. "ఇంటి సుట్టూ సోటుంది. ముప్పై కోల్లు. ఊరోల్లంతా ఆవిడ సేతనే గుడ్లెట్టించుకుంటారు."

పోలమ్మ చేతిలో గ్లాసు ఆగింది.

"ముప్పయ్యా?"

"ముప్పై పైనే ఉంటాయి."

"ముప్పై కోల్లు ఒక్కతే ఎలా మేపుద్ది? ముప్పైకి నూకలెక్కడియి? అబద్ధాలాడకు!" ఆమె గొంతు లేచింది. బంగారయ్య బిత్తరపోయి చూశాడు. మూలన కూర్చున్న తాతబాబు మీసాల్లో నవ్వుకున్నాడు, ఎన్నాళ్ళకో ఇంట్లో ఆ గొంతు విన్నందుకు.

మర్నాడు పోలమ్మ పనికి వెళ్ళే ముందే దొడ్లోకి దిగింది. అయిదు పెట్టల్లో రెండు పొదుగుకొచ్చి ఉన్నాయి. పక్కింటావిడ దగ్గర గుడ్లు అడిగి తెచ్చి, ఒక్కొక్కటీ ఎండకెత్తి చూసి, రెండింటి కిందా అమర్చింది. కాలవగట్టు మీద నాలుగు కొబ్బరి డొక్కలు తీసుకెళ్ళి తడినేల మీద బోర్లించి వచ్చింది.